తడి ఆరేలోగా చార్మినార్

గుల్జార్ హౌజ్ దగ్గర మడత స్టూలు వేసుకుని చార్మినార్ బొమ్మ వేసేవాళ్ళు అప్పుడప్పుడు కనిపిస్తుంటారు. ఎప్పుడైనా కాసేపు పక్కన నిలబడి గమనించండి. కట్టడం వైపు చూసేది తక్కువ, ఒళ్ళోని కాగితం వైపు చూసేది ఎక్కువ. అదీ నేరుగా కాదు, తల పక్కకు వాల్చి ఏటవాలుగా చూస్తారు. రంగు ఎలా వచ్చిందో చూసుకుంటున్నారని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళు చూసేది మెరుపుని. కాగితం మీద నీరు తళతళలాడుతుంటే ఇంకా చెయ్యి పెట్టకూడదు. మెరుపు తగ్గి సన్నని నిగారింపు మిగిలితే మేఘం అంచుకో, దూరపు మినార్‌కో అదే అదను. అది కూడా పోయిందంటే కాగితం పూర్తిగా ఆరేదాకా ఆగడం మేలు. తొందరపడితే బొమ్మ పాడవుతుంది.

నీటిరంగు బొమ్మ బాగా కుదిరితే చెయ్యి తిరిగినవాడని చిత్రకారుణ్ణి మెచ్చుకుంటాం. ఆ మెప్పులో సగం ఆవిరికి దక్కాలని నా అభిప్రాయం. స్టూడియోలో ఫ్యాను ఆపి, కిటికీ మూసి ఆవిరిని కొంత అదుపులో పెట్టుకోవచ్చు. వీధిలో ఆ వీలు లేదు. అందుకే ఒకే చిత్రకారుడు ఒకే రంగులతో వేసినా హైదరాబాదు బొమ్మ ఒకలా, విశాఖ బొమ్మ ఇంకోలా వస్తాయి.

కొంచెం లెక్క వేద్దాం. ఏ4 కాగితం మీద మిల్లీమీటరులో పదో వంతు మందాన నీరు నిలిస్తే దాని బరువు సుమారు 6 గ్రాములు. టీస్పూను కంటే కాస్త ఎక్కువ, అంతే. బొమ్మ వేసేవాడికి ఉన్న గడువంతా ఈ చెంచాడు నీళ్ళు ఆరేలోపలే. అది ఎంత త్వరగా ఆరుతుందనేది ప్రధానంగా గాలి ఇంకా ఎంత ఆవిరిని పట్టగలదనే దాని మీద ఆధారపడుతుంది. మే నెలలో హైదరాబాదు మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నాయనుకుందాం. ఆ వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 51 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. అప్పటికి అందులో ఉన్నది 10 గ్రాములే కాబట్టి ఇంకా 41 గ్రాములకు చోటుంది. జూలైలో విశాఖ బీచ్ రోడ్డు మీద 32 డిగ్రీలు, 75 శాతం తేమ అనుకుంటే, ఆ గాలి పట్టగలిగేది సుమారు 34 గ్రాములు, అప్పటికే ఉన్నది 25. మిగిలిన చోటు 9 గ్రాములు కూడా లేదు. గాలి వేగం రెండుచోట్లా ఒకటే అయితే హైదరాబాదులో కాగితం నాలుగైదు రెట్లు త్వరగా ఆరుతుందన్నమాట. విశాఖలో తీరిగ్గా మేఘాలు కలుపుకునే సమయంలో హైదరాబాదులో ఆకాశం మొత్తం ఆరిపోయి గట్టి గీతలు పడిపోతాయి.

మెరుపు చూసి తేల్చుకోలేనప్పుడు అనుభవం ఉన్నవాళ్ళు అరచెయ్యి తిప్పి, వేళ్ళ వెనక భాగంతో కాగితాన్ని ముట్టుకుంటారు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఆవిరయ్యే నీరు తనకు కావలసిన వేడిని కాగితం నుంచే లాక్కుంటుంది. 40 డిగ్రీల వేడిలో, 20 శాతం తేమలో, నీడన ఉన్న తడి కాగితం 23 డిగ్రీల దగ్గరిదాకా దిగగలదు. ఆ తేడా వేళ్ళకు ఇట్టే తెలుస్తుంది. విశాఖలో అదే కాగితం 28 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఈ పరీక్ష అక్కడ అంత నమ్మకంగా పనిచేయదు. అరచేత్తో ఎందుకు ముట్టుకోరంటే, అక్కడి చెమట, జిడ్డు కాగితానికి అంటుకుంటే ఆ మచ్చ మీద రంగు సరిగ్గా పట్టదు.

ఎండ ఊళ్ళో వేసేవాళ్ళు కాగితాన్ని వెనకవైపు కూడా తడిపి ప్లాస్టిక్ బోర్డుకు అంటిస్తారు, నీళ్ళలో రెండు చుక్కల గ్లిజరిన్ వేస్తారు, చేతిలో స్ప్రే సీసా పెట్టుకుంటారు. తేమ ఊళ్ళో వేసేవాళ్ళు బ్రష్షును గుడ్డకు అద్ది, నీళ్ళు తక్కువ, రంగు ఎక్కువ పెట్టి పని నడిపిస్తారు.

ఇంతకీ కాగితం మీద జరిగేదేమిటి? నీటిరంగు అంటే మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే బంక. ఆ బంక ఎక్కువగా సూడాన్ ప్రాంతంలోని ఒక తుమ్మజాతి చెట్టుది, మన నల్లతుమ్మకు దగ్గరి చుట్టం. ఎండిన తర్వాత కూడా నీళ్ళు తగిలితే మళ్ళీ కరగడం దాని గుణం. అందుకే ఆరిపోయిన రంగును తడి బ్రష్షుతో కొంతవరకు లేపేయవచ్చు. అక్రిలిక్ రంగులో అది కుదరదు. ఇక కాగితం. మంచి నీటిరంగు కాగితం నూలుపీచుతో చేస్తారు. పీచును అలాగే వదిలేస్తే అద్దుడు కాగితంలా రంగును లోపలికి పీల్చేసుకుంటుంది. అలా కాకుండా జిలాటిన్ పూత పెడతారు. దాంతో నీరు కాసేపు పైనే నిలిచి, తర్వాత నెమ్మదిగా లోపలికి ఇంకుతుంది. చిత్రకారుడు వాడుకునేది ఈ కాసేపునే. జిలాటిన్ జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసేది. అది వద్దనుకునేవాళ్ళకు పిండిపూత కాగితాలూ ఉన్నాయి. వానాకాలంలో బీరువాలో పెట్టి మరిచిపోయిన కాగితం మీద బూజు ముందుగా తినేది ఈ పూతనే. పైకి కాగితం బాగానే కనిపిస్తుంది. బ్రష్షు ఆనించగానే అక్కడక్కడ రంగు గుటుక్కున లోపలికి పోయి ముదురు మచ్చలు పడతాయి.

ఆరిన కాగితం మీద ఒక వాష్, అంటే పలచని రంగునీళ్ళ పొర, వేసి వదిలేస్తే దాని అంచు ముదురుగా తేలుతుంది. పెన్నుతో గీసినట్టుండే ఆ సన్నగీతను ఎవరూ గీయరు. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క ఆరాక అంచున పడే ముదురు వలయానికీ దీనికీ కారణం ఒకటే. 1997లో షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు ఈ కాఫీ మరక గుట్టు విప్పి ‘నేచర్’ పత్రికలో రాశారు. చుక్క అంచు ఉపరితలానికి అతుక్కుని కదలదు. అంచు దగ్గర ఆవిరి కావడం ఎక్కువ. అక్కడ తరిగిన నీటిని భర్తీ చేయడానికి మధ్యలోని నీరు బయటికి ప్రవహిస్తూ, తనతోపాటు రంగు రేణువులను కూడా మోసుకొచ్చి అంచున దింపేస్తుంది. కాగితం ముందే తడిసి ఉంటే అతుక్కోవడానికి అంచే ఉండదు. అందుకే తడి మీద తడి వేసిన మబ్బుకు మెత్తని అంచు వస్తుంది, ఆరినదాని మీద వేసిన కమానుకు గట్టి అంచు వస్తుంది.

విచిత్రమేమిటంటే, అదే 1997లో కాసిడీ కర్టిస్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి నీటిరంగు ప్రవర్తనను కంప్యూటర్‌లో అనుకరించే పద్ధతిని ప్రచురించారు. వాళ్ళు కాగితాన్ని మూడు పొరలుగా ఊహించారు. పైన నీరు ప్రవహించే పొర, మధ్యలో రంగు రేణువులు దిగడం, లేవడం జరిగే పొర, అడుగున పీచు నీటిని పీల్చుకునే పొర. ఒకరిది భౌతికశాస్త్రం, ఇంకొకరిది కంప్యూటర్ గ్రాఫిక్స్. ఇద్దరూ తవ్వినది వీధి చిత్రకారుడికి వేళ్ళకు తెలిసిన సంగతినే. ఇప్పుడు ట్యాబ్‌లలో ఉన్న నీటిరంగు బ్రష్షులు చాలావరకు నమ్మించేలా పనిచేస్తాయి. ఎండ, గాలి మాత్రం వాటికి తగలవు.

తొందరపడితే బొమ్మ పాడవుతుందని మొదట్లో అన్నాను కదా, దాని లెక్క ఇక్కడ తేలుతుంది. సగం ఆరిన వాష్‌లో నీళ్ళెక్కువున్న బ్రష్షు పెడితే కొత్త నీరు పక్కనున్న పొడి పీచులోకి పాకుతుంది. పాకుతూ దారిలోని రంగును లేపుకుని, ముందుకు నెట్టుకుంటూ పోయి, ఆగినచోట పడేస్తుంది. వంకరటింకర అంచుతో ఒక పువ్వు విచ్చుకుంటుంది. చిత్రకారులు దీన్ని కాలీఫ్లవర్ అంటారు. చెట్టు కొమ్మల్లో వస్తే అదృష్టం, శుభ్రంగా ఉండాల్సిన ఆకాశంలో వస్తే ఖర్మ.

రేణువుల సైజుకు కూడా ఈ నాటకంలో వేషం ఉంది. చార్మినార్ గచ్చుకు, దాని మీద పట్టిన పొగమసికి చాలామంది కలిపే బూడిదరంగు అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే కాల్చిన మట్టిరంగు కలిస్తే వస్తుంది. ప్యాలెట్‌లో అది ఒకే రంగు. గరుకు కాగితం మీద నీళ్ళగా వేసి, బోర్డును కదపకుండా వదిలేసి, దగ్గరగా వంగి చూడండి. అల్ట్రామెరీన్ రేణువులు కొన్ని మైక్రాన్ల సైజువి. అవి ఒకదానికొకటి గుంపుకట్టి కాగితం గుంతల్లోకి దిగుతాయి. మట్టిరంగు వేరే తీరులో పరుచుకుంటుంది. ఆరేసరికి బూడిదరంగులోంచి నీలం చుక్కలు, గోధుమ చుక్కలు విడివిడిగా బయటపడతాయి. నాలుగు వందల ఏళ్ళు దాటిన గచ్చుగోడ మీది గరుకుదనం, పెచ్చులు, నీరు కారిన చారలు ఎవరూ చుక్కలు పెట్టకుండానే వచ్చేస్తాయి. దీన్నే గ్రాన్యులేషన్ అంటారు. అదే థాలో నీలం అనే రంగు వాడితే ఈ సొగసు రాదు. దాని రేణువులు మైక్రాన్‌లో పదోవంతు, అంతకంటే చిన్నవి. అవి పీచులోకి చొరబడి మరక పట్టేస్తాయి, లేపుదామన్నా లేవవు.

అల్ట్రామెరీన్‌ను ఒకప్పుడు అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వచ్చే లాజవర్ద్ రాయిని నూరి తీసేవాళ్ళు. దాని ధర చిత్రకారులను భయపెట్టేది. 1820ల్లో ఫ్రాన్స్‌లో జాన్ బాప్తిస్త్ గీమే దాన్ని బట్టీలో కృత్రిమంగా చేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ తర్వాత అది ఎంత చవకైందంటే, తెల్లబట్టలకు పెట్టే నీలం పొడిగా మన ఇళ్ళకూ చేరింది.

తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించిన రంగు ఆరాక వెలవెలబోవడం కొత్తవాళ్ళను నిరాశపరిచే విషయం. రేణువుల మధ్య, పీచు మధ్య నీరు ఉన్నంతసేపు వెలుతురు పెద్దగా చెదరకుండా లోపలికి పోతుంది, కాబట్టి రంగు చిక్కగా ఉంటుంది. నీరు పోయి ఆ సందుల్లోకి గాలి చేరాక వెలుతురు ప్రతి మలుపులోనూ చెదిరి తెల్లదనాన్ని కలుపుతుంది. వానకు తడిసిన తారురోడ్డు నల్లగా, ఆరాక బూడిదగా కనిపించడానికీ కారణం ఇదే. దీనికి మందొక్కటే. కావలసినదానికంటే ముదురుగా వేయాలి, భయపడకూడదు.

వెలుతురు దగ్గరే ఇంకో చిక్కు. నీటిరంగులో తెలుపంటే కాగితమే. వెలుతురు పారదర్శకమైన రంగుపొరను దాటి, కాగితానికి తగిలి, మళ్ళీ అదే పొర గుండా కంటికి చేరుతుంది. మంచి కాగితం తన మీద పడిన వెలుతురులో 85, 90 శాతం దాకా తిప్పి పంపుతుంది. ఎంత ముదురు నీటిరంగైనా ఆరాక మూడు నుంచి అయిదు శాతం తిప్పి పంపుతుంది. అంటే కాగితం మీద అతి తెలుపుకూ అతి నలుపుకూ మధ్య తేడా పాతిక రెట్ల దరిదాపుల్లోనే. ఎదుట ఉన్న వీధిలోనేమో ఎండలో లక్ష లక్సులు, పత్తర్‌గట్టీ బజారు కమానుల లోపల వెయ్యి లక్సులు ఉంటాయి. ఆ తేడానంతా కాగితం మీదికి తేవడం అసాధ్యం. చిత్రకారుడు ఏదో ఒకటి వదులుకోవాలి. ఎండ కావాలనుకుంటే నీడలోని వివరాలను ఒక్క వాష్‌లో ముంచేయాలి. దుకాణంలోని గాజులన్నీ కనిపించాలనుకుంటే ఎండను మరిచిపోవాలి. రెండూ కావాలని ఆశపడ్డ బొమ్మలు రెండింటికీ చెడతాయి.

చిత్రకారుడు కూర్చున్నచోటి వెలుతురు కూడా మోసం చేస్తుంది. కాగితం మీద నేరుగా ఎండ పడితే కంటిపాప కుంచించుకుంటుంది, రంగులు తేలికగా కనిపిస్తాయి. ముదురు చేసుకుంటూ పోతాం. ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా చీకటి. నీడలో కూర్చుందామని రోడ్డుపక్క దుకాణం నీలం టార్పాలిన్ కిందికి చేరితే అది ఇంకో ప్రమాదం. అక్కడ పడే వెలుతురులో ఎరుపు బాగా తక్కువ. అయినా మన కన్ను కొద్ది నిమిషాల్లో ఆ నీలానికి అలవాటుపడి కాగితం తెల్లగానే ఉందని చెబుతుంది. ప్యాలెట్‌లో ఎరుపులు, నారింజలు మాత్రం వాడిపోయినట్టుంటాయి కాబట్టి వాటిని మరికాస్త, ఇంకాస్త కలుపుతాం. బయటికి తెచ్చాక చార్మినార్‌కు ఇటుకరంగు వేసినట్టుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు తెల్ల గొడుగో నల్ల గొడుగో తెచ్చుకుంటారు గానీ రంగుల గొడుగు తేరు.

ఆవిరి తర్వాత తొందరపెట్టేది సూర్యుడే. మే నెల మొదట్లో హైదరాబాదులో ఉదయం 8 గంటలకు సూర్యుడు దాదాపు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పది మీటర్ల గోడ నీడ అప్పుడు 17 మీటర్లు. 9 గంటలకు సూర్యుడి ఎత్తు దాదాపు 44 డిగ్రీలకు చేరుతుంది, నీడ పది మీటర్లకు కుదించుకుపోతుంది. గంటలో ఏడు మీటర్ల నీడ మాయం. అందుకే కూర్చోగానే నీడల హద్దులు పెన్సిల్‌తో గీసేసుకుని, తర్వాత అవి ఎటు పోయినా పట్టించుకోకూడదు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం హైదరాబాదు మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారు కంబానికి నీడ ఉండదు. సైన్సు పిల్లలకు అది పండగ, చిత్రకారుడికి సెలవు.

ఆ నీడలు నీలంగా ఎందుకుంటాయో చాలామందికి తెలిసిందే. ఎండ తగలని చోటికి వెలుతురు ఆకాశం నుంచి వస్తుంది. గాలి అణువులు నీలాన్ని ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి. కానీ దూరపు కొండలు నీలంగా వేయాలన్న పుస్తకాల సూత్రాన్ని మన నగరాలకు అలాగే అంటించడం తప్పు. నగరంలో దూరాన్ని కప్పేది దుమ్ము, పొగ. వాటి రేణువులు గాలి అణువుల కంటే చాలా పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. కాబట్టి దూరపు భవనం నీలంగా కాక, పాలు కలిపిన బూడిదరంగులో తేలిపోతుంది. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా చూస్తే అదే దుమ్ము బంగారు రంగులో వెలుగుతుంది. మంచి వాన కురిసి వెలిసిన పొద్దున దూరమే లేదన్నట్టు అంతా దగ్గరకొచ్చేస్తుంది.

జనం సంగతి? ఆటోలు, తోపుడుబండ్లు, బురఖాల గుంపు ఎవరూ పోజివ్వరు. ఒకరి తల, ఇంకొకరి భుజం, మూడో మనిషి నడక కలిపి చిత్రకారులు ఒక మనిషిని చేస్తారు. అంతకంటే రహస్యమేమీ లేదు.

నీటిరంగుల పని మనకు కొత్తదీ కాదు. వందేళ్ళకు ముందే రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహంతో కుంచె పట్టినవాళ్ళే. 1925లో ఇరవయ్యెనిమిదేళ్ళు నిండకుండానే పోయిన దామెర్ల బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ చూడవచ్చు. వీధిలో కూర్చుని బొమ్మలు వేయడంలో ఇటీవలి ఊపు వేరే దారిలో వచ్చింది. సియాటిల్‌లోని పత్రికా చిత్రకారుడు గాబ్రియేల్ కాంపనారియో 2007లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ బృందం, ఫొటో చూసి కాకుండా ఎదురుగా కూర్చుని చూసిందే వేయాలన్న నియమం పెట్టుకుంది. దాని శాఖలు మన దేశంలోని నగరాల్లోనూ ఉన్నాయి.

కాగితం మీద బొమ్మ ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు 1888లోనే రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రయోగాలతో జవాబు చెప్పారు. నీటిరంగులను గాజుగొట్టాల్లో పెట్టి ఎండకు ఉంచితే కొన్ని వెలిశాయి, కొన్ని నిలిచాయి. గాలి, తేమ తీసేసిన గొట్టాల్లో మాత్రం వాటిలో చాలావరకు చెక్కుచెదరలేదు. అంటే వెలుతురొక్కటే దొంగ కాదు, తేమ కూడా తోడుదొంగ. మన తీరప్రాంతపు ఇళ్ళలో ఈ రెండూ పుష్కలం. బొమ్మను ఎండ పడే గోడకు, తేమ పట్టే గోడకు తగిలించకండి. అద్దం కాగితానికి ఆనకుండా మధ్యలో మౌంటు అట్ట పెట్టించండి.

కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్ళకు ఒక మాట. ఉన్న డబ్బులో ఎక్కువ భాగం కాగితానికి ఖర్చుపెట్టండి. 300 జీఎస్‌ఎం బరువున్న నూలు కాగితం, మూడు రంగులు, ఒక మంచి గుండ్రని బ్రష్షు చాలు. ఇరవైనాలుగు రంగుల డబ్బా, నాసిరకం కాగితం కొంటే ఇంతసేపు చెప్పుకున్న ఏ ఒక్కటీ సరిగ్గా జరగదు, తప్పు మీదేనని మీరనుకుంటారు. రంగు కొనేటప్పుడు ట్యూబు ముందున్న అందమైన పేరును నమ్మవద్దు. వెనక చిన్న అక్షరాల్లో రంగుపొడి సంకేతం ఉంటుంది, అది చదవండి. పీబీ 29 అంటే అసలైన అల్ట్రామెరీన్. పీఆర్ 83 అని ఉంటే అది అలిజరిన్ క్రిమ్సన్, వెలుతురుకు వెలిసిపోయే ఎరుపు. దాన్ని షాపులోనే వదిలేయండి.